పూడిక తీసే ధర్మం

ధర చెల్లించకుండా లభించిన వస్తువు పట్ల మనిషికి బాధ్యత ఉంటుందా? కొనుక్కున్న వస్తువును కాపాడుకోమని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పెట్టిన డబ్బే ఆ జాగ్రత్త నేర్పుతుంది. పుట్టుకతో వచ్చిన శరీరం, పూర్వులు తవ్వించిన చెరువు, ముఖపరిచయం లేనివారు రాసి లోకానికి వదిలిపెట్టిన కంప్యూటర్ ప్రోగ్రాము మనం కొన్నవి కావు. వీటిని వాడుకునే హక్కును గురించి మనం విస్తారంగా మాట్లాడుకుంటాం. వీటిని నిలబెట్టే విధి ఎవరిదన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గిపోతాయి.

ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారికి ఈ మౌనం బాగా పరిచితమైనది. కొత్త నిర్మాణానికి అంచనా వేయడం, మంజూరు తెచ్చుకోవడం ఉత్సాహంగా సాగుతాయి. పాత నిర్మాణం మరమ్మతుకు వచ్చే పద్దు ఎప్పుడూ చివరి పేజీలోనే ఉంటుంది. కోత పడితే మొదట దానికే పడుతుంది. శంకుస్థాపన ఫలకం మీద పేర్లు ఉంటాయి. పూడిక తీసినవారి పేరు ఏ ఫలకం మీదా కనిపించదు. చరిత్ర విద్యార్థిగా, ఆ తరువాత ఉద్యోగిగా నేను గమనించిన ఈ విషయాన్ని, నేడు మన నిత్యజీవితంలో భాగమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు, దినచర్యకు అన్వయించి ఆలోచించడం ఈ వ్యాస ఉద్దేశం.

శిలమీది విద్య

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం శాసనాధ్యయనపరులందరికీ తెలిసినదే. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును నిర్మింపజేసి, శాలివాహన శకం 1291, అంటే క్రీ.శ. 1369లో ఆ శాసనం వేయించాడు. ప్రతిరోజూ వెయ్యిమంది పనివారు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు అందులో ఉంది. దానశాసనాలు మనకు వేలాదిగా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం దాతను కీర్తించి, దానాన్ని వివరించి, దాన్ని అపహరించినవారిని శపించి ముగుస్తాయి. పోరుమామిళ్ల శాసనం అంతటితో ఆగక, చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాగల ఆరు దోషాలను వరుసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి బంకనేల, తీయని నీటి నది, మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, దగ్గరలోనే రాతిగని వంటివి ఆ అంగాలలో ఉన్నాయి. నిర్మాణకళలో నేర్పరులైన పనివారి బృందం కూడా వాటిలో ఒకటి. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం వంటివి దోషాలు.

రాజు తన కీర్తితోపాటు, తన చెరువును పోలిన మరొక చెరువును ఎలా కట్టాలో కూడా బహిరంగంగా చెక్కించాడు. దాన్ని చదివి పొరుగు సీమలో మరొకరు చెరువు కడితే అతని కీర్తికి లోటు లేదు. విద్యను రహస్యంగా దాచుకుని దాని మూలంగా అధికారం నిలుపుకోవడం లోకంలో సాధారణం. దానికి భిన్నమైన ఒక సంప్రదాయం మన నేలమీద 14వ శతాబ్దంలోనే శిలమీద నిలిచి ఉంది.

మూలపాఠపు స్వేచ్ఛ

కంప్యూటర్ ప్రోగ్రాముకు రెండు రూపాలుంటాయి. మనిషి రాసేది, మనిషి చదవగలిగేది మూలపాఠం. దాన్నుంచి తయారై యంత్రం మాత్రమే గ్రహించేది రెండవ రూపం. వ్యాపార సంస్థలు సాధారణంగా ఈ రెండవ రూపాన్నే మనకు అమ్ముతాయి. వంట తెలియకుండా వంటకం కొన్నట్లు మనం దాన్ని వాడుకుంటాం. ఉప్పు ఎక్కువైనా సరిచేసే వీలుండదు. సరిచేసుకోవడం నేరమని ఒప్పందంలో రాసి ఉంటుంది.

ఈ పరిస్థితికి నైతికమైన అభ్యంతరం తెలిపి, 1983లో రిచర్డ్ స్టాల్మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. ఏ ప్రయోజనానికైనా ప్రోగ్రామును నడుపుకోవడం, దాని మూలపాఠాన్ని చదివి మార్చుకోవడం, ఇతరులకు ప్రతులు ఇవ్వడం, మార్చిన రూపాన్ని పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు ఆ ఉద్యమానికి పునాది. 1989లో వెలువడిన సార్వజనిక లైసెన్సు ఈ స్వేచ్ఛలకు చట్టరూపం కల్పించింది. పుచ్చుకున్నవాడు తాను మార్చి పంచేటప్పుడు అవే స్వేచ్ఛలను తరువాతి వారికి ఇవ్వాలన్నది అందులోని షరతు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఈ లైసెన్సు కిందనే పెరిగింది. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు 1998లో వాడుకలోకి వచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. మూలపాఠాన్ని చదవగలిగినవారు వెయ్యిమందిలో ఒకరు కూడా ఉండరు కదా, మిగిలినవారికి ఈ స్వేచ్ఛ వల్ల ఒరిగేదేమిటి అని. పోరుమామిళ్ల శాసనాన్ని చదవగలిగిన రైతులు ఆనాడు ఎందరుండేవారు? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిన పౌరులు మొత్తం జనాభాలో ఎంతమంది? అయినా ఆ చట్టం వల్ల కలిగిన మేలు దరఖాస్తుదారులకే పరిమితం కాలేదు. ఎవరైనా ఒకరు అడగవచ్చునన్న ఎరుకతోనే దస్త్రం రాసే చేయి జాగ్రత్త పడుతుంది. చదివే వీలు అందరికీ ఉన్నప్పుడు, చదివే కొద్దిమంది అందరి తరఫునా చదువుతారు.

మన లిపి చెప్పే పాఠం

ఈ విషయం తెలుగువారికి పరోక్షమైనది కాదు. 1990 దశకంలో కంప్యూటర్ మీద తెలుగు అక్షరాలు కూర్చడం విస్తరించినప్పుడు, ఒక్కొక్క తయారీదారు తనదైన సంకేత పద్ధతిని వాడాడు. 1991లో భారతీయ లిపులకు జాతీయ ప్రమాణం వెలువడింది. అదే సంవత్సరం యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు స్థానం లభించింది. అయినా అచ్చుపనిలోను, కార్యాలయాలలోను చాలాకాలం ప్రైవేటు సంకేతాలే రాజ్యమేలాయి. ఒక ఖతిలో కూర్చిన పాఠాన్ని ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస కనిపిస్తుంది.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పాత ప్రచురణల కంప్యూటర్ ప్రతులు ఒక బీరువా నిండా ఉండేవి. వాటిని కూర్చిన ప్రోగ్రాము నడిచే యంత్రం లేదు. కొత్త లైసెన్సు ఇచ్చేవారూ లేరు. అచ్చయిన పుస్తకాలు ఉన్నాయి కనుక వాటిని మళ్లీ మొదటినుంచి కూర్చవలసి వచ్చింది. ఆరున్నర శతాబ్దాల నాటి శిలాక్షరాలను చదవగలుగుతున్న మనం, ఇరవై ఏళ్ల నాటి మన సొంత అక్షరాలను చదవలేకపోయాం. రాయి మెత్తనిదని కాదు, లిపికి తాళం వేసి తాళంచెవిని పరుల దగ్గర ఉంచడం వల్ల జరిగిన నష్టమిది.

ఈ తాళాన్ని తీయడంలో ప్రభుత్వాల పాత్ర కంటే స్వచ్ఛందంగా శ్రమించిన వ్యక్తుల పాత్ర తక్కువది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులతో ఎందరో మొదటిసారి యూనికోడ్ తెలుగును చూశారు. మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న వంటి ఖతులు నేడు స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరికైనా లభిస్తున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. పొరుగున బంగ్లాదేశ్‌లో అదే 2003లో మెహదీ హసన్ ఖాన్ అనే వైద్యవిద్యార్థి బెంగాలీ రాయడానికి ‘అభ్ర’ అనే సాధనాన్ని తయారుచేసి ఉచితంగా పంచాడు. తరువాత దాని మూలపాఠమూ వెలువడింది. భాష కోసం ప్రాణాలర్పించిన దేశంలో, భాష రాసుకోవడానికి రుసుము ఉండరాదన్న భావన పుట్టడం సహజమే.

అర సెకను జాగరూకత

ఇంతవరకు చెప్పినది స్వేచ్ఛ మహిమ. చెరువు కట్టడంతో కథ ముగియనట్లే, మూలపాఠాన్ని లోకానికి విడుదల చేయడంతోనూ కథ ముగియదు. ఏటేటా వరద తెచ్చే ఒండ్రు చెరువును పూడుస్తుంది. కొత్త యంత్రాలు, కొత్త అవసరాలు, కొత్త దొంగలు ప్రోగ్రామును పాతబరుస్తారు.

ఇంటర్‌నెట్‌లో రహస్య సమాచారాన్ని భద్రంగా పంపేందుకు లోకంలో అత్యధిక భాగం ఆధారపడిన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో 2014 ఏప్రిల్‌లో తీవ్రమైన లోపం బయటపడింది. ఆ లోపం 2012 నుంచీ అందులో ఉంది. బ్యాంకులు, ప్రభుత్వాలు, మహాసంస్థలు వాడుకుంటున్న ఆ ప్రోగ్రాముకు పూర్తికాలం పనిచేసేవారు ఒక్కరే ఉన్నారనీ, దానికి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లనీ అప్పుడు లోకానికి తెలిసింది. మూలపాఠం అందరికీ తెరిచే ఉంది. ఎవరో చూస్తారులే అని అందరూ అనుకున్నారు.

పదేళ్ల తరువాత, 2024 మార్చిలో మరొక ఘటన జరిగింది. దత్తాంశాన్ని కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామును ఏళ్లతరబడి ఒకే వ్యక్తి తీరిక వేళల్లో నిర్వహిస్తూ వచ్చాడు. అతను అలసిపోయాడు. సాయం చేస్తానంటూ మారుపేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో ఒక దొంగద్వారం అమర్చాడు. అది లోకమంతటా వ్యాపించకముందే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పసిగట్టాడు. అతను దొంగ కోసం వెతకలేదు. వేరే పనిలో ఉండగా, దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలు కంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నట్లు గమనించి, ఎందుకని ఆరా తీశాడు. మూలపాఠం తెరిచి ఉండడం వల్ల ఆ ఆరా సాధ్యమైంది. ఆరా తీసే అలవాటు ఉండడం వల్ల ఆ స్వేచ్ఛ సార్థకమైంది. మొదటిది లైసెన్సు ఇవ్వగలదు. రెండవది ఏ లైసెన్సూ ఇవ్వలేదు.

దశబంధం, వెట్టి

నిర్వహణ సమస్యను మన పూర్వులు ఎరగనివారు కారు. చెరువు తవ్వించినవారికి, బాగుచేయించినవారికి మాన్యంగా ఇచ్చే దశబంధం వందల శాసనాలలో కనిపిస్తుంది. ఆ భూమిని అనుభవించేవాడు చెరువును మరమ్మతు చేస్తూ ఉండాలి. రాయలసీమ జిల్లాలలో దశబంధ ఇనాములు ఆంగ్లేయుల కాలంలోనూ కొనసాగాయి. చెరువు వల్ల పండిన పంటలో చెరువు బాగోగులకు ఒక వాటా ఉండాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న న్యాయం.

అయితే గతాన్ని బంగారుపూతతో చూడడం చరిత్రకారుని పని కాదు. మాన్యం ఒకరి పేరిట, పలుగుపార మరొకరి చేతిలో ఉండేవి. తూములు ఎత్తి పొలాలకు నీరు పంచిన నీరటివారు తరచుగా ఊరి వెలుపల ఉంచిన కులాలకు చెందినవారే. మద్రాసు ప్రెసిడెన్సీలో కట్టల మరమ్మతుకు రైతుల శ్రమను 1858 చట్టం నిర్బంధం చేసింది. తెలంగాణలో వెట్టిచాకిరి ఎంత దారుణంగా సాగిందో, దానిమీద ఎంత పెద్ద తిరుగుబాటు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. కనుక సామూహిక సంపదను ఎవరు నిలబెడుతున్నారు అన్న ప్రశ్నతోపాటు, వారికి ఏమి దక్కుతున్నది అన్న ప్రశ్న కూడా అడిగితీరాలి.

స్వచ్ఛంద సేవ ఏ క్షణాన వెట్టిగా మారుతుంది? ఇచ్చేవాడు ఇష్టంతో ఇస్తున్నంతకాలం అది దానం. పుచ్చుకునేవాడు దాన్ని తనకు రావలసిన బాకీగా భావించి, ఆలస్యమైనందుకు నిందించడం మొదలుపెట్టిన రోజున అది వెట్టి అవుతుంది. ఎక్స్‌జెడ్ నిర్వాహకుని మీద బహిరంగంగా ఒత్తిడి తెచ్చి, మారుపేరు మనిషికి దారి సుగమం చేసిన ఉత్తరాలలో వినిపించిన స్వరం అదే. ఆ ఉత్తరాలు రాసినవి కూడా మారుపేర్లే కావచ్చునన్న అనుమానం బలంగా ఉంది. అటువంటి స్వరం ఎవరికీ వింతగా తోచకపోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రకారం, కొత్త సాఫ్ట్‌వేర్ కొనుగోలులో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలి. ఇవ్వనప్పుడు కారణం చూపాలి. ఇది సరైన అడుగు. వాడకానికి ప్రాధాన్యమివ్వడం వేరు, వాడుకున్నదాన్ని పోషించడం వేరు. జర్మనీ ప్రభుత్వం 2022లో ఇటువంటి మౌలిక సాఫ్ట్‌వేర్ మరమ్మతు కోసమే ఒక ప్రత్యేక నిధిని నెలకొల్పింది. దశబంధం అన్న మాటను ఆ అధికారులు విని ఉండరు. దాని న్యాయం మాత్రం వారికి తట్టింది. ఆ మాటను కన్న నేలమీద అటువంటి ఏర్పాటు గురించి ఆలోచించడం మనకు కష్టం కారాదు.

చేతిలోని యంత్రం, ఒంటిలోని అలవాటు

మరొక సందేహం ఉంది. మన దేశంలో అత్యధికుల చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు గర్భంలో ఉన్నది లినక్స్ కేంద్రకమే. ఆ లెక్కన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రతి జేబులోకీ చేరింది. ఆ ఫోన్ పట్టుకున్న చేయి స్వేచ్ఛగా ఉందా? భోజనం దగ్గర, దస్త్రం దగ్గర, నిద్రకు ముందు, నిద్ర లేచిన వెంటనే దాన్ని తాకకుండా ఉండలేని వ్యక్తికి, దాని మూలపాఠంలో కొంతభాగం ఎవరైనా చదవవచ్చునని చెబితే ఏమి ఊరట? గాంధీజీ 1909లో రాసిన ‘హింద్ స్వరాజ్’లో స్వరాజ్యమంటే తనమీద తాను సాధించే ఏలుబడి కూడా అన్న అర్థం ఉంది. పరికరం మీద హక్కు, ప్రవర్తన మీద అదుపు అనే రెండు రెక్కలూ ఉంటేనే స్వేచ్ఛ ఎగురుతుంది.

శరీరం విషయంలో ఈ సత్యం మరింత స్పష్టంగా తెలుస్తుంది. 1953లో జెరెమీ మోరిస్, ఆయన సహచరులు లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి ఒక విశేషం ప్రకటించారు. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, అదే బస్సులో కూర్చుని నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. కుర్చీలో కూర్చుని దేశాన్ని నడుపుతున్నామని భావించే మా వర్గానికి ఇది ఆలోచించదగిన విషయం. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వాగ్భటుని ‘అష్టాంగహృదయం’ దినచర్యకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. బలవంతుడు కూడా తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని అందులో ఉంది. అతి వద్దు, మానవద్దు అన్నది దాని సారం.

రోజుకు పదివేల అడుగులన్న లెక్క నేడు మంత్రంలా వినిపిస్తుంది. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కింపు పరికరానికి ‘పదివేల అడుగుల కొలత’ అని పేరు పెట్టడం దాని మూలం. అంకె వ్యాపారం నుంచి పుట్టింది. నడక వల్ల కలిగే మేలు మాత్రం అబద్ధం కాదు. అంకె మూలం తెలిసినవాడు తొమ్మిదివేల అడుగుల రోజున దిగులుపడడు, పదివేలు పూర్తయ్యాయని పదకొండో వెయ్యి మానుకోడు. మూలపాఠం చదవడమంటే ఇదే. ప్రోగ్రామును గాని, పథ్యాన్ని గాని, ప్రభుత్వ ఉత్తర్వును గాని ఎక్కడినుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది అని అడిగే మనస్తత్వం అది.

నా మటుకు నేను కొన్ని చిన్న నియమాలు పాటిస్తున్నాను. ఉదయపు నడకకు ఫోన్ వెంట తీసుకువెళ్లను. రాత్రి అది ముందుగదిలోనే ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ నడుస్తుంది. నా నోట్సన్నీ ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే సాదా పాఠంగా ఉంటాయి. ప్రతి ఆదివారం వాటికి మరొక ప్రతి తీసి వేరేచోట ఉంచుతాను. తెలుగు అనువాదంలో తప్పు కనిపిస్తే ఆ ప్రోగ్రాము నిర్వాహకులకు రాస్తాను. వీటిలో ఘనకార్యమేదీ లేదు. పళ్లు తోముకోవడంలో ఎంత గొప్పదనం ఉందో వీటిలోనూ అంతే ఉంది. మానేసిన మరునాడు ఏమీ జరగదు. మానేసిన పదేళ్ల తరువాత జరుగుతుంది. నిర్వహణకు సంబంధించిన ప్రతి విషయంలోనూ ఉన్న చిక్కు ఇదే. దాని ఫలితం ఏమీ జరగకపోవడం. జరగనిదానికి లోకంలో సాక్షులుండరు, సన్మానాలుండవు.

కనుక మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. ధర లేకుండా లభించినదాని మీద బాధ్యత లేకపోలేదు, పైగా అక్కడే అది ఎక్కువ. కొన్న వస్తువు చెడితే అమ్మినవాడిని అడగవచ్చు. అందరిదీ అయినది చెడితే అడగవలసినవారం, జవాబు చెప్పవలసినవారం మనమే. ఆ బాధ్యతను బలహీనుల వీపున వెట్టిగా మోపకుండా, వాడుకున్న మేరకు పంచుకోవడం న్యాయం. పౌరుడు దాన్ని అలవాటు రూపంలో చెల్లిస్తాడు. ప్రభుత్వం పద్దు రూపంలో చెల్లించాలి. వచ్చే ఆర్థిక సంవత్సరానికి అంచనాలు తయారుచేసేటప్పుడు, మన కార్యాలయాలలో నడుస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జాబితా ఒకటి రాసుకుని, దాని ఎదుట నిర్వహణకు ఒక గడి కేటాయించడం పెద్ద పని కాదు. వేసవిలో పూడిక తీసిన చెరువే వర్షాకాలంలో నీరు పడుతుంది.